ఊరు కదల్లేదు, గీత కదిలింది
బూర్గంపాడు ఎన్నికల రాజకీయాలపై ఒక సమీక్ష

2014 మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆంధ్రప్రదేశ్ పునర్‌వ్యవస్థీకరణ చట్టంలో మూడో సెక్షన్ తెలంగాణలో ఉండబోయే జిల్లాలను వరసగా చెబుతుంది. ఖమ్మం పేరు దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. పోలవరం ముంపు కోసం 2005లో ఇచ్చిన 111 నంబరు జీవోలోని రెవెన్యూ గ్రామాలు తెలంగాణకు రావు. వాటితో పాటు బూర్గంపాడు మండలంలో మూడు ఊళ్లు కూడా రావు: బూర్గంపాడు, సీతారామనగరం, కొండ్రెక.

ఆ వాక్యం అమల్లో ఉండగానే ఏప్రిల్ 30న పోలింగ్ జరిగింది. చట్టం ప్రకారం జూన్ 2న ఆంధ్రప్రదేశ్‌లో కలవాల్సిన బూర్గంపాడు జనం వరసలో నిలబడి, తెలంగాణ తొలి శాసనసభకు పినపాక సభ్యుణ్ణి ఎన్నుకున్నారు. తర్వాత మే 29న ఆర్డినెన్సు వచ్చింది, జూలైలో అది చట్టమైంది. లెక్క తిరగబడింది. ఈసారి మండలమంతా ఆంధ్రకు పోతుంది, 12 రెవెన్యూ గ్రామాలు మాత్రం తెలంగాణలో మిగులుతాయి. ఆ పన్నెండులో సారపాక, నాగినేనిప్రోలు, మోరంపల్లి బంజర, ఇరవెండిలతో పాటు బూర్గంపాడు కూడా ఉంది. సీతారామనగరం లేదు. మార్చిలో ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్న రెండు ఊళ్లు జూలైకల్లా రెండు రాష్ట్రాల పాలయ్యాయి. ఈ మార్పు కావాలని ఏ ఊరూ తీర్మానం చేయలేదు. ఏ ఊరినీ ఎవరూ అడగనూ లేదు.

అడవి అంచు నియోజకవర్గాల రాజకీయం మాటకొస్తే పట్నంలో వినబడేవి రెండే మాటలు. ఒకటి, గిరిజన ఓటరు అమాయకుడు, సారాకు, నోటుకు లొంగుతాడు. రెండు, అక్కడ ఎప్పుడూ ఎర్ర జెండాయే. గత నలభై ఏళ్ల ఫలితాలను వరసగా పెట్టి చూస్తే ఈ రెండూ నిలవవు. బూర్గంపాడు ఓటరు చాలావరకు ఒక మాట మీదే ఉన్నాడు. అతని చుట్టూ ఉన్న గీతలు, గెలిచినవాళ్ల మెడలో కండువాలు మాత్రం కదులుతూ వచ్చాయి.

గోదావరి గీసిన మొదటి సరిహద్దు

ఇక్కడ సరిహద్దు రాజకీయం 2014లో పుట్టలేదు. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిష్ వాళ్లకు వదిలేశాడు. భద్రాచలం, రేకపల్లి ఆ లెక్కన మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోకి వెళ్లాయి. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారాయి. కుడి ఒడ్డున కిన్నెరసాని గోదావరిలో కలిసే చోట ఉన్న బూర్గంపాడు మాత్రం నిజాం తాలూకాగానే మిగిలింది. పాత రికార్డుల్లో, నిన్నమొన్నటి దాకా ఎన్నికల కాగితాల్లోనూ కనిపించే ‘బూర్గంపహాడ్’ అనే రూపం ఆ కాలపు గుర్తే.

రెండు ఒడ్లూ ఒక్క జిల్లా కావడానికి వందేళ్లు పట్టింది. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో కలిసింది. సారపాకకూ భద్రాచలానికీ మధ్య గోదావరి మీద వంతెన 1965లో తెరిచారు. అప్పటిదాకా రాముడి గుడికి వెళ్లాలంటే పడవే దిక్కు.

ఈ చరిత్ర రాజకీయంలోనూ జాడ వదిలింది. ఎడమ ఒడ్డున బ్రిటిష్ ఏజెన్సీ పాలన. ముఠాదారులు, అటవీ చట్టాలు, 1922-24 నాటి రంప తిరుగుబాటు జ్ఞాపకం. కుడి ఒడ్డున నిజాం జాగీర్లు, వెట్టి, వాటి మీద తెలంగాణ సాయుధ పోరాటం. పోరాటం చివరి రోజుల్లో దళాలు పాల్వంచ అడవుల్లోకి వచ్చి కోయగూడేల్లో తలదాచుకున్నాయి. 1952లో కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. ఎర్ర జెండా ఈ అడవికి ఎన్నికల కంటే ముందే వచ్చింది. భూమి గొడవతో వచ్చింది కనుకే అంతకాలం నిలిచింది.

మూడు నియోజకవర్గాలు, మూడు ఎర్ర జెండాలు

పాత ఖమ్మం జిల్లాలో గిరిజనులకు కేటాయించిన స్థానాలు మూడు: బూర్గంపాడు, భద్రాచలం, ఇల్లెందు. 1989 ఫలితం చూడండి. బూర్గంపాడులో సీపీఐ తరఫున కుంజా భిక్షం, భద్రాచలంలో సీపీఎం తరఫున కుంజా బొజ్జి, ఇల్లెందులో ఎంఎల్ పక్షం నుంచి గుమ్మడి నర్సయ్య గెలిచారు. పదిహేనేళ్ల తర్వాత 2004లో మళ్లీ అదే పంపకం. బూర్గంపాడులో సీపీఐ అభ్యర్థి పాయం వెంకటేశ్వర్లు, భద్రాచలంలో సీపీఎం నేత సున్నం రాజయ్య, ఇల్లెందులో ఎంఎల్ పక్షమైన న్యూడెమోక్రసీ తరఫున గుమ్మడి నర్సయ్య. హద్దులు కలిసిన మూడు నియోజకవర్గాలు, ఒకరంటే ఒకరికి పడని మూడు కమ్యూనిస్టు పార్టీలు. భద్రాచలంలోనైతే 1985 నుంచి 2004 దాకా వరసగా అయిదు ఎన్నికల్లో సీపీఎం ఓడిందే లేదు.

దీన్ని సిద్ధాంతం మీద ప్రేమ అనుకుంటే పొరపాటు. గూడెంలో పార్టీ అంటే మూడు పనులు. పోడు కొట్టిన రైతు మీద ఫారెస్టు వాళ్లు కేసు పెడితే వచ్చి నిలబడాలి. వేసవిలో తునికాకు కట్ట ధర కోసం కాంట్రాక్టరుతో కొట్లాడాలి. గిరిజనేతరుల చేతిలోకి పోయిన భూమిని 1/70 చట్టం కింద వెనక్కి ఇప్పించాలి. 1970లో వచ్చిన ఆ సవరణ, ఏజెన్సీలో భూమి గిరిజనుడిదే అని ముందుగా అనుకోమంటుంది, కాదనేవాడే రుజువు చేసుకోమంటుంది. దాన్ని ఆఫీసులో అమలు చేయించడానికి చదువొచ్చిన కార్యకర్త కావాలి. ఆ కార్యకర్త జెండా రంగు ఏదైతే గూడెం ఓటు రంగు అదే. సీపీఐ ఉన్న చోట సీపీఐ, సీపీఎం ఉన్న చోట సీపీఎం, ఎంఎల్ దళాలు తిరిగిన చోట ఎంఎల్. మూడు జెండాల పంపకం వెనక ఉన్నది ఇంతే.

గెలిచినవాళ్ల బతుకు కూడా గూడేనికి దూరం కాలేదు. గుమ్మడి నర్సయ్య అయిదుసార్లు ఎమ్మెల్యే అయినా సైకిల్‌నూ, సేద్యాన్నీ వదల్లేదు. మూడుసార్లు గెలిచిన సున్నం రాజయ్య ఆర్టీసీ బస్సుల్లో, ఆటోల్లో తిరిగేవాడు. ఇలాంటివాళ్లను చూసి మురిసిపోయే అలవాటు పత్రికలకు ఉంది. ఆ మురిపెంలో ఒక కష్టమైన ప్రశ్న పక్కకు పోయింది. నాయకుడు నిజాయతీపరుడైనా, మూడు పార్టీలుగా చీలిన ఎర్ర జెండా ఎన్నడూ తన బలం మీద తాను ప్రభుత్వాన్ని నడిపే స్థితికి రాలేదు. ఒకసారి కాంగ్రెస్‌తో, ఒకసారి తెలుగుదేశంతో, 2009లో మహాకూటమితో, 2014లో ఖమ్మం వరకు వైఎస్సార్ కాంగ్రెస్‌తో సీపీఎం అవగాహన. సీపీఐ దారి మళ్లీ వేరు. పొత్తు ధర్మం పేరుతో తనకు గిట్టని గుర్తుకు ఓటేయడం గూడెం ఓటరుకు మొదట నేర్పింది కమ్యూనిస్టులే. ఆ పాఠం తర్వాత వాళ్ల మీదికే తిరిగింది.

ఎర్ర జెండా ఎందుకు వాలింది?

కారణాలు మూడు నాలుగు చెబుతారు. వాటి బరువు ఒక్కటి కాదు.

మొదటిది పునర్విభజన. 2009 ఎన్నికలకు బూర్గంపాడు నియోజకవర్గం పేరే పోయింది. పినపాక వచ్చింది. మణుగూరు, అశ్వాపురం, పినపాక, గుండాల, బూర్గంపాడు మండలాల కలయిక అది. ఇందులో సింగరేణి బొగ్గు, అశ్వాపురం భారజల కర్మాగారం, సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు ఉన్నాయి, తర్వాత 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం కూడా వచ్చింది. గూడెం ఓటు పక్కన కార్మికవాడ ఓటు, కాలనీ ఓటు, కాంట్రాక్టు ఓటు కలిశాయి. 2009లో కాంగ్రెస్ నుంచి రేగా కాంతారావు గెలిచాడు. భద్రాచలంలోనూ కాంగ్రెస్ అభ్యర్థి కుంజా సత్యవతి గెలిచింది.

రెండోది పోడు హక్కు చేతికొచ్చిన తీరు. 2006 అటవీ హక్కుల చట్టం కమ్యూనిస్టుల మద్దతు మీద నడిచిన ప్రభుత్వ హయాంలోనే వచ్చింది. కానీ పట్టా కాగితం మీద ఉండేది ప్రభుత్వ ముద్ర, పంచేది అధికార పార్టీ చెయ్యి. 2023 జూన్ ఆఖరున తెలంగాణ ప్రభుత్వం 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. కొట్లాడినవాడు ఒకడు, పంచినవాడు ఇంకొకడు. కొట్లాట జ్ఞాపకం ఒక తరం ఉంటుంది, పట్టా పెట్టెలో భద్రంగా ఉంటుంది.

మూడోది రాష్ట్ర విభజన. భద్రాచలం సీపీఎంకు పట్టుకొమ్మలైన చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2018 నాటికి భద్రాచలం తెలంగాణలోనే అతి తక్కువ ఓటర్లున్న నియోజకవర్గంగా మిగిలింది. హైదరాబాద్ శివార్లలో ఒక నియోజకవర్గానికి అయిదు లక్షలకు పైగా ఓట్లుంటే ఇక్కడ లక్షన్నర లోపే. పార్టీ బలహీనపడింది నిజమే. కానీ దాని ఓటరును గీత అవతలికి తీసుకుపోయారన్నది కూడా అంతే నిజం. ఈ రెండో సగం విశ్లేషణల్లో అరుదుగా కనిపిస్తుంది.

ఒక్క సీటు, ఎనిమిది సీట్లు

ఇక గత మూడు ఎన్నికలు. పది స్థానాల ఉమ్మడి ఖమ్మం జిల్లాలో తెలంగాణ రాష్ట్ర సమితి, పేరు మార్చుకున్నాక భారత్ రాష్ట్ర సమితి, 2014లో గెలిచింది ఒక్కటే: కొత్తగూడెం. 2018లో రాష్ట్రమంతా 88 స్థానాలతో ఊడ్చేసినప్పుడూ ఒక్కటే: ఖమ్మం. 2023లో ఒక్కటే: భద్రాచలం. మూడుసార్లూ ఒక్కటే, ప్రతిసారీ వేరే చోట. నోటుకు, నీటికి, గాలికి లొంగే ఓటరు ఇచ్చే తీర్పు ఇలా ఉండదు.

మరి 2018 తర్వాత ఆ ఒక్కటి ఎంతైంది? కాంగ్రెస్ నుంచి నలుగురు, తెలుగుదేశం నుంచి ఇద్దరు, ఇండిపెండెంటు ఒకరు. మొత్తం ఎనిమిది. మిగిలింది మధిరలో భట్టి విక్రమార్క, భద్రాచలంలో పొదెం వీరయ్య. అంతకుముందు విడతలోనూ ఇదే వరస. ఒక్కటిగా మొదలై, ఫిరాయింపులతో, 2016 పాలేరు ఉప ఎన్నికతో ఏడుకు చేరింది. జిల్లా ఓటరు రెండుసార్లు వద్దన్న పార్టీ, రెండుసార్లూ జిల్లాలో మెజారిటీ పార్టీగా పదవీకాలం ముగించింది.

దీన్ని పినపాకలో దగ్గరగా చూడవచ్చు. 2014లో పాయం వెంకటేశ్వర్లు వైఎస్సార్ కాంగ్రెస్ ఫ్యాను గుర్తు మీద గెలిచి టీఆర్ఎస్‌లో చేరాడు. 2018లో ఆయన కారు గుర్తుతో నిలబడితే కాంగ్రెస్ అభ్యర్థి రేగా కాంతారావు ఓడించాడు. గెలిచిన మూడు నెలలకు, 2019 మార్చిలో, రేగా కారెక్కుతున్నట్టు ప్రకటించాడు. ప్రభుత్వ విప్ అయ్యాడు. 2022 అక్టోబరులో రాష్ట్రాన్ని కుదిపిన మొయినాబాద్ ఫామ్‌హౌస్ వ్యవహారంలో, తమను కొనడానికి వచ్చారంటూ వార్తల్లోకెక్కిన నలుగురు ఎమ్మెల్యేల్లో ఆయన ఒకడు. 2023 జూలైలో ఖమ్మం మాజీ ఎంపీ పొంగులేటి శ్రీనివాసరెడ్డి వెంట పాయం కాంగ్రెస్‌లోకి వచ్చాడు. నవంబరు 30న అదే ఇద్దరు, అదే పోటీ, గుర్తులు మాత్రం తారుమారు. ఈసారి చెయ్యి గుర్తు మీద పాయం గెలిచాడు.

ఓటరు వైపు నుంచి చూడండి. 2018లో చెయ్యి గుర్తు నొక్కాడు, 2023లోనూ చెయ్యి గుర్తే నొక్కాడు. అతను మారలేదు. గుర్తు పక్కన ఫొటో మారింది. సారపాక టీ కొట్ల దగ్గర ఎన్నికల మాటొస్తే ఎవరో ఒకరు అనే మాట ఉంది: ‘మనం ఎటేస్తే ఏంది, ఆయన పోయేటోడు పోనే పోతడు.’ దీన్ని విరక్తి అని కొట్టేయకూడదు. పదేళ్ల అనుభవానికి ఒక్క వాక్యపు సారాంశం అది.

భద్రాచలంలో అదే కథ తిరగబడి నడిచింది. 2023లో జిల్లాలో బీఆర్ఎస్‌కు మిగిలిన ఏకైక ఎమ్మెల్యే తెల్లం వెంకట్రావు 2024 ఏప్రిల్‌లో అధికారంలో ఉన్న కాంగ్రెస్ కండువా కప్పుకున్నాడు. నిన్నటిదాకా ఫిరాయింపును ప్రజాస్వామ్య హత్య అన్నవాళ్లు దాన్ని అభివృద్ధి కోసం అన్నారు. నిన్నటిదాకా అభివృద్ధి కోసం అన్నవాళ్లు కోర్టుకెళ్లారు. 2025 జూలై 31న సుప్రీంకోర్టు, ఫిరాయించిన పదిమంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని స్పీకరును ఆదేశించింది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే రాజ్యాంగం పదో షెడ్యూలు, అసలు బలహీనత అక్కడే ఉంది. తీర్పు చెప్పవలసిన స్పీకరు అధికార పక్షం మనిషి, గడువు చట్టంలో రాసిలేదు. 2003 సవరణ చీలిక మినహాయింపును తీసేసింది, మూడింట రెండు వంతుల విలీనం ఒక్కటే దారిగా మిగిలింది. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు సరిగ్గా ఆ లెక్క నింపి విలీనమయ్యారు. ఆ పన్నెండులో పినపాక కూడా ఒకటి.

ఫిరాయింపు వెనక ఉన్నది డబ్బు ఒక్కటే అనుకుంటే సగమే అర్థమవుతుంది. మైదానంలో ఎమ్మెల్యే ప్రతిపక్షంలో ఉన్నా ఊరి పనులు ఎంతో కొంత నడుస్తాయి. ఏజెన్సీలో రోడ్డు వేయాలంటే అటవీ అనుమతి, స్కూలుకు, ఆస్పత్రికి గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), పట్టాకు జిల్లా కమిటీ, వరద సాయానికి కలెక్టరు. ప్రతి తలుపూ ప్రభుత్వానిదే. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారు. 1986 నాటి 75.6 తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. సారపాక, బూర్గంపాడు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మర్నాడు వచ్చిన ముఖ్యమంత్రి శాశ్వత పరిష్కారానికి వెయ్యి కోట్లు ప్రకటించాడు. పదహారు నెలల తర్వాత ఎన్నికల్లో ఆ వెయ్యి కోట్లు ఏవి అన్నదే ప్రశ్న. అధికార పార్టీలో ఉండి కూడా తేలేకపోయినవాణ్ణి పినపాక ఓడించింది. ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే చేరాను’ అన్న మాటను ఓటరు పరీక్షకు పెట్టి, ఫెయిల్ చేశాడని దీనర్థం.

రిజర్వు సీటులో అసలు అధికారం ఎవరిది?

పినపాక గిరిజన స్థానం. పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో ప్రతి సర్పంచి పదవీ గిరిజనులదే. కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ లేదు. కానీ టికెట్టు ఇచ్చే చెయ్యి ఎక్కడుంది? ఖమ్మం మైదానంలో, జనరల్ స్థానాల నుంచి గెలిచే పెద్ద నాయకుల ఇళ్లలో ఉంది. ఫలానా ఎమ్మెల్యే ఫలానా వారి వర్గం అనేది ఇక్కడ పార్టీ పేరు కంటే గట్టి చిరునామా. నాయకుడు పార్టీ మారితే వర్గమంతా మారుతుంది. 2016లో ఖమ్మం ఎంపీగా ఉన్న పొంగులేటితో పాటు పాయం టీఆర్ఎస్‌లోకి పోయిందీ అలాగే, 2023లో కాంగ్రెస్‌కు వచ్చిందీ అలాగే. గిరిజన ఎమ్మెల్యే ఫిరాయింపు అని మనం రాసేది చాలాసార్లు మైదానపు నాయకుడి ఫిరాయింపుకు తోక.

ఊళ్లోనూ అదే తీరు. సర్పంచి కోయ మనిషి, పనుల బిల్లు గిరిజనేతర కాంట్రాక్టరుది. 1/70 వల్ల భూమి రిజిస్ట్రేషన్ కాదు కనుక తెల్లకాగితం మీద చేతులు మారుతుంది. మిర్చి, పత్తి, మిల్లుకు పోయే జామాయిల్ కర్ర, వీటి పెట్టుబడి ఎవరిదో మాట కూడా వాళ్లదే. సారపాక మిల్లులో, మణుగూరు గనుల్లో యూనియన్ ఎన్నికలు మరో లోకం. 2023 డిసెంబరులో సింగరేణి గుర్తింపు సంఘంగా సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ గెలిచింది. అసెంబ్లీలో వాడిన జెండా గని గేటు దగ్గర ఇంకా ఎగురుతోంది.

పట్టణమైతే ఇంకో చిక్కు. రాజ్యాంగం 243జడ్‌సీ అధికరణం మున్సిపాలిటీల భాగాన్ని షెడ్యూల్డు ప్రాంతాలకు నేరుగా వర్తించనివ్వదు. ఆ మెలికతో మణుగూరు మున్సిపాలిటీ అయ్యాక కూడా కౌన్సిల్ ఎన్నికలకు నోచుకోలేదు. 2022 డిసెంబరులో భద్రాచలం పంచాయతీని మూడుగా, సారపాకను రెండుగా చీలుస్తూ జీవో వచ్చింది. ఇక్కడ గీతలు గీసే అలవాటు పార్లమెంటుకే కాదు, రాష్ట్ర సచివాలయానికీ ఉంది.

గిరిజనులంతా ఒక్కటే అనుకోవడం ఇంకో పొరపాటు. ఖమ్మం ఏజెన్సీని ఆంధ్ర వైపు ఏజెన్సీతో కలిపిన పాత భద్రాచలం లోక్‌సభ స్థానం నుంచి సోడె రామయ్య, మిడియం బాబూరావు లాంటి కోయ నాయకులు ఎంపీలయ్యారు. 2009లో అది రద్దయి మహబూబాబాద్ వచ్చాక గెలిచిన బలరాం నాయక్, సీతారాం నాయక్, మాలోత్ కవిత ముగ్గురూ లంబాడాలే. 2017లో రాజుకున్న ఆదివాసీ-లంబాడా వివాదంలో కోయల ఆవేదనకు ఇదొక కారణం. లంబాడాల వాదనా తీసిపారేసేది కాదు. వాళ్ల సంఖ్య, చదువు, సంఘటిత శక్తి వాళ్ల కష్టార్జితం. ఛత్తీస్‌గఢ్ నుంచి 2005 తర్వాత సల్వాజుడుం మంటల్లోంచి పారిపోయి వచ్చిన గొత్తికోయలు ఈ అడవుల్లోనే బతుకుతున్నా, ఇక్కడి గిరిజన హోదా వాళ్లకు అందలేదు. వాళ్ల పోడు మీద ట్రెంచ్ తవ్వితే అడగడానికి ఏ పార్టీకీ తొందర లేదు.

గీత అవతల

2014 జూన్ నుంచి 2019 దాకా సీతారామనగరం, కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు ప్రజలది విచిత్రమైన స్థితి. రేషను కార్డు ఆంధ్రప్రదేశ్‌ది. వాళ్లు ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యే తెలంగాణ శాసనసభలో. అక్కడ ఆయన అడగగలిగింది వీళ్ల గురించి కాదు, ఇక్కడి ముఖ్యమంత్రికి ఆయన ఎవరూ కాదు. ఆ ముడి సున్నం రాజయ్య బతుకులోనే పడింది. భద్రాచలం ఎమ్మెల్యేగా తెలంగాణ సభలో కూర్చున్న ఆయన సొంతూరు సున్నంవారిగూడెం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2018 సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఈ మండలాలను రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో కలిపింది. ఆ డిసెంబరు తెలంగాణ ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. 2019లో రాజయ్య ఆంధ్రప్రదేశ్‌లో, రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయాడు. 2020 ఆగస్టులో కరోనాతో చనిపోయాడు.

ఎడమ ఒడ్డున భద్రాచలం దాటగానే ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రవి. తెలంగాణలోని దుమ్ముగూడెం, చర్లకు వెళ్లాలంటే వాటిని దాటాల్సిందే. 2022 వరద తర్వాత ఆ అయిదు ఊళ్లను తిరిగివ్వమని తెలంగాణ మంత్రులు గట్టిగా అడిగారు, ఆంధ్ర మంత్రులు అంతే గట్టిగా కాదన్నారు. నీళ్లు తీశాయి, అప్పటికి మాటలూ ఆగాయి.

సరిహద్దు ఊళ్ల ఓటు ఎన్ని రకాలుగా ఉంటుందో తెలుగు నేల మీదే చూడవచ్చు. ఆంధ్ర, ఒడిశా రెండూ నాదంటే నాదనే కొటియా గ్రామాల్లోనూ, మహారాష్ట్ర అంచున కెరమెరి మండలం గూడేల్లోనూ చాలామందికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నాయి. వాళ్ల ఓటు కోసం రెండు ప్రభుత్వాలు పోటీపడి రోడ్లు, పింఛన్లు ఇస్తాయి. రెండు రాష్ట్రాలు కావాలన్న ఊరికి రెండు ఓట్లు. ముంపు కోసం కాగితం మీద మారిన ఊరికి, అటూ ఇటూ కాని అయిదేళ్లు. 2015లో భారత్, బంగ్లాదేశ్ పరస్పరం మార్చుకున్న చిట్‌మహల్ సరిహద్దు పల్లెల వాసులకు ఏ దేశంలో ఉంటారో ఎంచుకోమన్నారు. 2014లో ఆంధ్రకు పోయిన మన ఏడు మండలాలకు ఆ పాటి ప్రశ్న కూడా వేయలేదు.

ముందున్న గీత

2026 తర్వాతి జనగణన మీద ఆధారపడి నియోజకవర్గాల పునర్విభజన మళ్లీ జరగాలి. తెలంగాణ అసెంబ్లీ స్థానాలను 119 నుంచి 153కు పెంచమని విభజన చట్టం 26వ సెక్షన్ అంటోంది. సీట్లు పెరిగితే పాత బూర్గంపాడు పేరు తిరిగి రావచ్చు, పినపాకా చీలవచ్చు. అన్ని పార్టీలూ ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటాయి. ఆ లెక్కల్లో ఒక్క ఖాళీ మాత్రం ఎప్పటిలాగే మిగిలేలా ఉంది.

షెడ్యూల్డు ప్రాంతంలో ప్రాజెక్టు కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించమని పెసా అంటుంది. ఆ ఊరునే తీసుకెళ్లి ఇంకో రాష్ట్రంలో పెట్టాలంటే గ్రామసభను అడగమని ఏ చట్టమూ అనదు. రాజ్యాంగం మూడో అధికరణం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం వరకే వెళ్తుంది. నియోజకవర్గ హద్దు మార్చడానికి అభ్యంతరాలు చెప్పుకొనే అవకాశం ఉంటుంది కానీ, అది జిల్లా కేంద్రానికి వెళ్లి అర్జీ పెట్టగలిగినవాడికే. ఫిరాయింపు కేసుకు గడువు లేకపోవడం, గీత మార్చడానికి గ్రామసభ మాట అక్కర్లేకపోవడం రెండు వేర్వేరు లోపాలుగా కనిపిస్తాయి. బూర్గంపాడు నుంచి చూస్తే రెండూ ఒకటే. ఓటు వేసిన మర్నాటి నుంచి ఓటరుకు పని లేదన్నదే రెండింటి అడుగున ఉన్న నమ్మకం.

1950లో బూర్గంపాడులో పుట్టి ఇల్లు దాటని మనిషిని ఊహించుకోండి. పుట్టింది హైదరాబాద్ రాష్ట్రం, వరంగల్ జిల్లా. మూడేళ్లకు ఖమ్మం. ఆరేళ్లకు ఆంధ్రప్రదేశ్. అసెంబ్లీకి బూర్గంపాడు, తర్వాత పినపాక. పార్లమెంటుకు భద్రాచలం, తర్వాత మహబూబాబాద్. మూడు నెలల పాటు చట్టం పుస్తకంలో రాబోయే ఆంధ్రప్రదేశ్, అంతలో తెలంగాణ. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. అదే ఊరి నుంచి కూతుర్ని సీతారామనగరం ఇచ్చి ఉంటే, ఆమె ఈపాటికి పశ్చిమ గోదావరి మీదుగా ఏలూరు జిల్లాకు చేరింది. మావోయిస్టు ప్రభావమున్న 13 నియోజకవర్గాల్లో పినపాక ఒకటి కనుక 2018లోనూ 2023లోనూ పోలింగ్ సాయంత్రం నాలుగుకే ముగిసింది, మిగతా రాష్ట్రానికంటే గంట ముందు. ఆ గంట తక్కువైనా ఆయన వరసలో నిలబడ్డాడు, ఓటు వేశాడు. గెలిచినవాడు ఎటు పోయాడో, గీత ఎటు పోయిందో మర్నాడు ఎవరో వచ్చి చెబితే తెలిసింది.